రిమోట్ ఆపినా డిస్కు ఆగలేదు: పోరు రోబోకు రిలే కిల్ స్విచ్ కట్టే పద్ధతి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 15 కిలోల రోబో, ముందు భాగంలో 20 సెంటీమీటర్ల ఉక్కు డిస్కు, దాన్ని తిప్పడానికి 24 వోల్టుల బ్రష్ మోటారు, వరుసగా కలిపిన రెండు 3ఎస్ (మూడు సెల్లుల) లిపో బ్యాటరీలు. ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామ్ బోర్డుతో పనిచేసే నీలిరంగు 5 వోల్టుల రిలే బోర్డును కిల్ స్విచ్‌గా, అంటే ప్రమాదంలో కరెంటు తెంచే స్విచ్‌గా పెట్టారు. లోపలి రాగి చుట్టకు, అంటే కాయిల్‌కు, చిన్న కరెంటు ఇస్తే పెద్ద కరెంటును కలిపే స్విచ్చే రిలే. తిరుపతిలో మీ కాలేజీ షెడ్డులో పరీక్షిస్తుండగా నాలుగోసారి రిమోట్ ఆపినా డిస్కు ఆగలేదు. మీ బృందంలో ఒకరు చేయి పెట్టి బ్యాటరీ వైరు లాగేశారు. ఇప్పుడు ఇంకా పెద్ద రిలే ఏది కొనాలి, ఎలా కలపాలి అని అడుగుతున్నారు.

ఆ విద్యార్థికి ఏమీ కాలేదని చదివాక గానీ నా మనసు కుదుటపడలేదు. దయచేసి ఇంకెప్పుడూ అలా చేయకండి. మీ డిస్కు 8 మిల్లీమీటర్ల మందం అన్నారు, అంటే బరువు దాదాపు 2 కిలోలు. నిమిషానికి 2700 చుట్లు తిరుగుతుంటే దానిలో సుమారు 400 జౌళ్ల శక్తి ఉంటుంది. పది కిలోల బియ్యం మూట నాలుగు మీటర్ల ఎత్తు నుంచి పడితే ఎంత శక్తో అంత. మూట అయితే వీపంతా పరుచుకుని తగులుతుంది, డిస్కు పన్ను వేలిగోరంత చోట దిగుతుంది. ఆగని రోబో ఎదురైతే అడ్డు వెనక్కి వెళ్లి బ్యాటరీ అయిపోయేదాకా కూర్చోవడమే సరైన పని. బ్యాటరీ పాడైనా, మోటారు కాలినా వాటిని మళ్లీ కొనుక్కోవచ్చు.

ఇక రిలే సంగతి. ఆ నీలి రిలే మూతను బ్లేడుతో నిదానంగా కోసి తీసి చూడండి. లోపల నువ్వుగింజంత కాంటాక్టు బొట్లు రెండు ఉంటాయి. వాటి అంచుల్లో మసి, నడుమ మెరిసే లోహపు ముద్ద కనిపిస్తుంది. రెండు బొట్లూ కరిగి ఒకటైపోయాయి. కాయిల్‌కు కరెంటు ఆగిపోయింది, స్ప్రింగు కాంటాక్టును మోసే రేకును లాగుతూనే ఉంది, కానీ రేకు ఊడలేదు. ఇలా అతుక్కున్న రిలేను పైనుంచి తట్టితే ఒక్కోసారి ఊడి, ఏమీ జరగనట్టు పనిచేస్తుంది. అలాంటి దాన్ని నమ్మి మళ్లీ వాడినవాళ్లను చూశాను. ఒకసారి అతుక్కున్న రిలే స్థానం చెత్తబుట్టే.

ఎందుకు అతుక్కుందో లెక్క మీ ప్రశ్నలోనే ఉంది. మోటారు నిరోధం 0.25 ఓములు అని మీరే కొలిచి రాశారు. నిండా చార్జయిన మీ బ్యాటరీలు 25.2 వోల్టులు. మోటారు కదలక ముందు, లేదా ఎదుటి రోబోలో ఇరుక్కుపోయినప్పుడు, వంద ఆంపియర్లు లాగుతుంది. ఆ రిలే మీద ముద్రించినది 10 ఆంపియర్లు. పైగా బ్యాటరీ ఇచ్చే నేరు కరెంటుకు (డీసీ) ఇంకో గుణం ఉంది. ఇంటికి వచ్చే కరెంటు (ఏసీ) సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది కాబట్టి కాంటాక్టులు విడిపోయినప్పుడు పుట్టే మంట దానంతట అదే ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటుకు ఆ విరామం లేదు. కాంటాక్టుల మధ్య దూరం చాలకపోతే మంట సాగుతూనే ఉంటుంది. అందుకే ఏ రిలే కొన్నా దాని మీద ఏసీ అంకె చూసి సంతోషపడకండి, డీసీ అంకె చదవండి. కార్లలో వాడే నాలుగు కాళ్ల రిలే మీద 40 ఆంపియర్లని ఉంటుంది, కానీ ఆ అంకె 14 వోల్టుల లెక్క. మీ 25 వోల్టులకు అది వర్తించదు.

అయినా, రిలే పరిమాణం కంటే ముందు ఆలోచించాల్సింది ఒకటుంది. నేను తిరుపతిలో విద్యార్థుల రోబోలు చూడటం మొదలుపెట్టక ముందు చిత్తూరులో చాలా ఏళ్లు లారీల కరెంటు పని, బోరు మోటార్ల స్టార్టర్ల పని చేశాను. మన ప్రాంతపు రైతులకు స్టార్టర్ పెట్టె గురించి పాఠం చెప్పనక్కర్లేదు. పచ్చ బటన్ నొక్కితే కాయిల్ పట్టుకుంటుంది, మోటారు తిరుగుతుంది. కరెంటు పోతే కాయిల్ వదిలేస్తుంది. ఎవరూ ఎర్ర బటన్ నొక్కనక్కర్లేదు. కరెంటు తిరిగొచ్చినా, ఎవరో వచ్చి పచ్చ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు. మీ రోబోకు కావలసింది అచ్చంగా ఇదే. ‘ఆగు’ అనే ఆదేశం అందితే ఆగే స్విచ్ మీద ప్రాణాలు పెట్టకూడదు. రిమోట్ బ్యాటరీ అయిపోవచ్చు, రిమోట్ సంకేతం అందుకునే రిసీవర్ వైరు ఊడవచ్చు, ఆర్డుయినో స్తంభించవచ్చు. అలాంటప్పుడు ఆదేశం ఇచ్చేవాళ్లే ఉండరు. ‘నడువు’ అనే ఆదేశం ప్రతి క్షణం అందుతున్నంత సేపే పట్టుకుని, అది అందకపోగానే వదిలేసేదే కిల్ స్విచ్.

రైలుకూ ఇదే సూత్రం. రేణిగుంట జంక్షన్‌లో పెట్టెల కింద రబ్బరు గొట్టాలు కలపడం చూసే ఉంటారు. ఆ గొట్టంలో గాలి ఒత్తిడి ఉన్నంత సేపు బ్రేకులు విడిచి ఉంటాయి. పెట్టె తెగిపోతే గాలి పోతుంది, బ్రేకులు వాటంతటవే పడతాయి.

ఈ కొలతతో చూస్తే కొందరు చేసే సర్వో ఏర్పాటు నిలవదు. చిన్న సర్వో మోటారుతో స్విచ్ మీటను తోసే పద్ధతి అది. రిసీవర్‌కు కరెంటు పోతే సర్వో ఉన్నచోటే నిలిచిపోతుంది, స్విచ్ వేసి ఉంటే వేసే ఉంటుంది. రిలేలో ఆ లోపం లేదు, స్ప్రింగు ఎప్పుడూ తెరిచే వైపే లాగుతుంది. అయితే ఎప్పుడూ కాయిల్‌కు కరెంటు లేనప్పుడు తెరిచి ఉండే కాంటాక్టునే, అంటే రిలే కాళ్ల దగ్గర రాసి ఉండే 30, 87 అంకెల మధ్య ఉన్నదాన్నే వాడాలి. కరెంటు లేనప్పుడు కలిసి ఉండే 87ఏ వైపు కలిపితే అంతా తలకిందులవుతుంది.

మీరు చేసిన ఇంకో పొరపాటు పెద్దది. పోరులో డిస్కును తిప్పడానికి, ఆపడానికి కూడా అదే రిలేను వాడారు. రోజువారీ పని చేసే స్విచ్ వేరు, ప్రాణం కాపాడే స్విచ్ వేరుగా ఉండాలి. డిస్కు మోటారుకు ఒక స్పీడ్ కంట్రోలర్ పెట్టండి. ఆపడం, తిప్పడం, వేగం మార్చడం దాని పని. రిలే దాని ముందు, బ్యాటరీ వైపు ఉంటుంది. స్పీడ్ కంట్రోలర్ ఉన్నాక రిలే ఎందుకంటే, కంట్రోలర్‌లోని మాస్ఫెట్లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు కాలిపోతే చాలాసార్లు తెరుచుకోవు, లోపల కలిసిపోతాయి. అప్పుడు మోటారు పూర్తి వేగంతో తిరుగుతుంది, రిమోట్ మాట వినదు. రిలే ఉన్నది ఆ రోజు కోసం. మామూలు రోజుల్లో మొదట కంట్రోలర్‌కు సున్నా వేగం పంపి, 200 మిల్లీసెకన్ల తరువాత రిలేను వదిలేలా చేయండి. అప్పటికి కరెంటు ఆగిపోయి ఉంటుంది కాబట్టి కాంటాక్టుల మీద మంట పుట్టదు, రిలే ఏళ్ల తరబడి ఉంటుంది.

వైరింగ్ వరుస ఇలా పెట్టండి. బ్యాటరీ ప్లస్ నుంచి వీలైనంత దగ్గరలో ఫ్యూజు. దాని తరువాత చేతితో లాగే లింకు. లింకు తరువాత తీగ రెండుగా చీలుతుంది. సన్నని పాయ బ్యాటరీ వోల్టేజిని 5 వోల్టులకు దించే రెగ్యులేటర్‌కు, రిలే కాయిల్‌కు పోతుంది. లావు పాయ రిలే కాంటాక్టు గుండా స్పీడ్ కంట్రోలర్‌కు పోతుంది. రిసీవర్‌కు కరెంటు ఆ రెగ్యులేటర్ నుంచే రావాలి. స్పీడ్ కంట్రోలర్ నుంచి వచ్చే 5 వోల్టులతో రిసీవర్‌ను నడిపితే చిక్కు వస్తుంది. రిలే పట్టుకుంటే గానీ కంట్రోలర్‌కు కరెంటు రాదు, రిసీవర్ బతికితే గానీ రిలే పట్టుకోదు. లావు పాయకు 6 చదరపు మిల్లీమీటర్ల మెత్తని రాగి తీగ, 60 ఆంపియర్ల బోల్టు ఫ్యూజు చాలు. ఫ్యూజు మీద 32 వోల్టుల డీసీ అని ఉందో లేదో చూసుకోండి. కాయిల్ వైపు సన్నని తీగకు విడిగా 2 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. లేకపోతే అక్కడ షార్ట్ అయితే 60 ఆంపియర్ల ఫ్యూజు పోయేలోపు ఆ తీగే కాలిపోతుంది.

లింకు అంటే ఎక్స్‌టీ90 అనే బ్యాటరీ ప్లగ్గు జతలో ఒక సగం రోబోకు బిగించి, రెండో సగం కాళ్లు రెండూ లావు తీగతో కలిపేసినది. అది పెట్టుకుంటే బండి బతుకుతుంది, లాగితే సమస్తం చస్తుంది. దాన్ని డిస్కుకు ఎదురు చివర, పైనుంచి ఒక్క చేత్తో లాగగలిగేలా అమర్చండి. ఈ విషయం ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణముంది. కొన్నేళ్ల కింద ఒక కాలేజీ పోటీలో స్విచ్‌ను డిస్కు వెనుక, చట్రం లోపల పెట్టిన బృందం ఉంది. ఆపడానికి మోచేయి దాకా లోపల పెట్టాల్సి వచ్చేది. పోటీ ముగిశాక ఒక అబ్బాయి చేయి పెట్టినప్పుడు రిసీవర్‌కు ఎక్కడిదో సంకేతం తగిలి డిస్కు పావు చుట్టు కదిలింది. పావు చుట్టే. చూపుడు వేలికి ఎముక కనిపించేంత గాయమైంది. అతని చేతికి గుడ్డ చుట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజు నుంచి లింకు సరైన చోట లేని రోబోను బరిలోకి అనుమతించలేదు.

ఇప్పుడు ఏ రిలే అన్నది. మన లారీలు, బస్సులు 24 వోల్టులవి కాబట్టి 24 వోల్టుల సామాను తిరుపతిలోనూ చిత్తూరులోనూ లారీ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. అక్కడ అడిగితే స్టార్టర్ సొలెనాయిడ్ చేతికిస్తారు. వందల ఆంపియర్లు మోస్తుంది, ధరా తక్కువ. దాన్ని తీసుకోకండి. ఇంజను స్టార్టయ్యే కొన్ని సెకన్ల కోసం చేసిన కాయిల్ అది. మూడు నిమిషాల పోరులో పట్టి ఉంచితే కాలిపోతుంది. ఎప్పుడూ పట్టి ఉంచడానికి చేసిన, అంటే కంటిన్యుయస్ డ్యూటీ అని రాసి ఉన్న, 24 వోల్టుల కాయిల్, 100 ఆంపియర్ల డీసీ కాంటాక్టర్, అంటే భారీ రిలే, కావాలి. ఫోర్క్‌లిఫ్టుల్లో, బ్యాటరీ బండ్లలో వాడేది ఇదే. ఎలక్ట్రిక్ ఆటోల్లోనివి చాలావరకు 48 వోల్టుల కాయిల్‌తో ఉంటాయి, మీ బ్యాటరీతో అవి సరిగా పట్టవు. కొన్ని కాంటాక్టర్లలో మంటను పక్కకు నెట్టే అయస్కాంతాలుంటాయి. వాటి బోల్టుల దగ్గర ప్లస్, మైనస్ గుర్తులుంటే తప్పకుండా పాటించండి. తిరగేసి కలిపితే అదే అయస్కాంతం మంటను తప్పు దిక్కుకు తోస్తుంది.

డబ్బు చాలక రెండు చిన్న రిలేలను పక్కపక్కన కలిపి కరెంటు పంచుకుంటాయని ఆశపడే బృందాలున్నాయి. పంచుకోవు. రెండూ ఒకే క్షణంలో కలవవు, ముందు కలిసినది మొత్తం మోస్తుంది, చివర విడిచినది మొత్తం మంటను భరిస్తుంది. పైగా రెండింటిలో ఏది అతుక్కున్నా డిస్కు ఆగదు.

మన ఎండల గురించి ఒక మాట. వేడెక్కితే రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం పెరుగుతుంది. మే నెలలో తిరుపతి మైదానంలో మూసిన అల్యూమినియం పెట్టె లోపల 60 డిగ్రీలు దాటడం కష్టం కాదు. 20 డిగ్రీల దగ్గర కొలిచిన కాయిల్ అక్కడ 16 శాతం ఎక్కువ వోల్టేజి ఉంటే గానీ పట్టదు. గదిలో పట్టిన కాంటాక్టర్ ఎండలో పట్టకపోతే అది చెడిపోయిందనుకోకండి. కాసేపు నీడలో పెట్టి మళ్లీ చూడండి.

కాయిల్‌ను నడపడానికి ఆర్డుయినో కాలు సరిపోదు, దానికి 20 మిల్లీ ఆంపియర్లే సుఖం. ఇలాంటి కాంటాక్టర్ కాయిల్ అర ఆంపియర్ దాకా లాగుతుంది. మధ్యలో ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మాస్ఫెట్ పెట్టండి. పేరులో ‘ఎల్’ ముఖ్యం, 5 వోల్టుల సంకేతానికే కరెంటును పూర్తిగా పోనిచ్చే రకం అది. దాని గేటు (సంకేతం అందుకునే కాలు) నుంచి గ్రౌండుకు, అంటే మైనస్‌కు, 10 కిలో ఓముల నిరోధకం తప్పనిసరి. ఆర్డుయినో రీసెట్ అయినప్పుడు దాని కాళ్లన్నీ ఎటూ కాకుండా తేలిపోతాయి. ఆ నిరోధకం లేకపోతే గేటులో మిగిలిన చార్జితో మాస్ఫెట్ కరెంటును పోనిస్తూనే ఉండవచ్చు. రూపాయి ఖరీదు చేయని ఆ ముక్క లేక ఆగని రోబోలు నా బల్ల మీదికే రెండు వచ్చాయి.

కాయిల్‌కు కరెంటు ఆపగానే అది వెనక్కి తన్నే వోల్టేజి మాస్ఫెట్‌ను చంపుతుంది. దానికి అందరూ కాయిల్ రెండు కొసల మధ్య, కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే 1ఎన్4007 డయోడ్ పెడతారు, చారల వైపు ప్లస్‌కు. అది సరే. కానీ డయోడ్ ఒక్కటే ఉంటే కాయిల్‌లో కరెంటు నెమ్మదిగా చస్తుంది, రేకు మెల్లగా లేస్తుంది, కాంటాక్టుల మధ్య మంట ఎక్కువసేపు నిలుస్తుంది. ఆ డయోడ్‌కు వరుసగా, ఎదురు దిక్కులో 12 వోల్టుల జీనర్ (ఆ వోల్టేజి దాటితే ఎదురు దిక్కుకూ కరెంటు పోనిచ్చే డయోడ్) ఒకటి కలపండి. విడుపు చురుగ్గా ఉంటుంది. అప్పుడు మాస్ఫెట్ మీద పడేది 38 వోల్టులు, అది ఓర్చుకోగలిగింది 55. కొన్న కాంటాక్టర్ లోపలే డయోడ్ ఉంటే మాత్రం ఇది చేయలేరు, అలాగే వాడండి.

ప్రోగ్రామ్ విషయానికి వస్తే, రిసీవర్ సెకనుకు సుమారు 50 పల్సులు, అంటే క్షణికమైన వోల్టేజి సంకేతాలు, పంపుతుంది. ఒక్కొక్కటి 1 నుంచి 2 మిల్లీసెకన్లు. 1.7 కంటే ఎక్కువ, 2.1 కంటే తక్కువ ఉంటేనే ‘నడువు’ అని తీసుకోండి. మిగతాదంతా ‘ఆగు’. 200 మిల్లీసెకన్ల పాటు సరైన పల్సు రాకపోతే రిలే వదిలేయాలి. పల్సు కోసం ఎదురుచూసే ఆదేశానికి 25 మిల్లీసెకన్ల గడువు పెట్టండి, లేకపోతే సంకేతం లేనప్పుడు ప్రోగ్రామ్ ప్రతిసారీ ఒక సెకను దాకా అక్కడే నిలబడిపోతుంది. వాచ్‌డాగ్ టైమర్ కూడా వేయండి. ప్రోగ్రామ్ స్తంభిస్తే అది రీసెట్ చేస్తుంది, కాలు వదులుతుంది, రిలే పడిపోతుంది, అంటే కరెంటు తెంచేస్తుంది. పాత ఆర్డుయినో నానో బోర్డుల్లో వాచ్‌డాగ్ వేస్తే రీసెట్ వలయంలో చిక్కుకుంటాయి. అలా జరిగినా రిలే తెరిచే ఉంటుంది, భయం లేదు.

స్టార్టర్ పెట్టెలోని రెండో గుణం మరచిపోకండి. సంకేతం పోయి రిలే పడింది, మీరు దగ్గరకు వెళ్లారు, రిమోట్‌లో స్విచ్ ఇంకా పైకే ఉంది, సంకేతం తిరిగొచ్చింది. డిస్కు మీ ముందే లేస్తుంది. రిలే ఒకసారి పడ్డాక, రిమోట్ స్విచ్‌ను ఒకసారి కిందికి దించి మళ్లీ ఎత్తితేనే పట్టేలా ప్రోగ్రామ్ రాయండి. రెండు వరుసల పని. రిసీవర్ ఫెయిల్‌సేఫ్‌ను, అంటే సంకేతం పోయినప్పుడు ఏం పంపాలో చెప్పే అమరికను, కూడా ఆపిన స్థితిలో అమర్చండి. సంకేతం పోతే కొన్ని రిసీవర్లు పల్సులు ఆపేస్తాయి, కొన్ని చివరి స్థితినే పంపుతూ ఉంటాయి. రెండో రకమైతే, ‘నడువు’ అనే మాట దెయ్యంలా వస్తూనే ఉంటుంది, మీ ప్రోగ్రామ్‌కు తేడా తెలియదు.

స్పీడ్ కంట్రోలర్‌లో చార్జిని నిల్వ చేసే పెద్ద కెపాసిటర్ల వల్ల రిలే కలిసిన మొదటి క్షణంలోనే భారీ కరెంటు దూకి కాంటాక్టులను అతికించవచ్చు. కాంటాక్టర్ రెండు బోల్టుల మధ్య 100 ఓముల, 5 వాట్ల నిరోధకాన్ని ఒక నొక్కుడు బటన్ ద్వారా కలపండి. లింకు పెట్టాక ఆ బటన్‌ను ఒక సెకను నొక్కితే కెపాసిటర్లు నెమ్మదిగా నిండుతాయి, తరువాత రిలే సుఖంగా కలుస్తుంది. బటన్ లేకుండా నిరోధకాన్ని శాశ్వతంగా వదిలేస్తే తెరిచిన రిలే వెనుక కూడా కరెంటు ఉంటుంది.

కరెంటు ఆగినా డిస్కు తన ఊపుతో తిరుగుతూనే ఉంటుందని మీకు తెలుసు. అమెరికాలో చాలా పోటీలు పాటించే స్పార్క్ (SPARC) అనే పోరు రోబోల నిబంధనల ప్రకారం కరెంటు తీసిన 60 సెకన్లలోపు అది పూర్తిగా నిలవాలి. కంట్రోలర్‌కు బ్రేకు సౌకర్యం ఉంటే దాన్నే వాడండి. ఐదు కాళ్ల రిలేలో 87ఏ ద్వారా మోటారు రెండు కొసలనూ నేరుగా కలిపేసి ఆపే ఉపాయం కొందరు చెబుతారు. రేకు 87 నుంచి 87ఏ వైపు పోయేటప్పుడు మంట ఆరకుండా వెంట వస్తే, బ్యాటరీ రెండు కొసలూ ఆ మంట గుండా కలిసిపోతాయి. మీ వోల్టేజి దగ్గర అది చేయవద్దు.

కట్టడం అయ్యాక మోటారు తగిలించకండి. దాని బదులు లారీ హెడ్‌లైట్ 24 వోల్టుల బల్బు పెట్టి, చక్రాలు నేలకు తగలకుండా రోబోను ఇటుకల మీద ఎత్తి పరీక్షించండి. బల్బు వెలుగుతుండగా రిమోట్ ఆపండి. మళ్లీ వెలిగించి రిసీవర్ సంకేతపు తీగ లాగండి. మళ్లీ వెలిగించి రిసీవర్ కరెంటు తీగ లాగండి. మళ్లీ వెలిగించి ఆర్డుయినో రీసెట్ నొక్కి పట్టుకోండి. ప్రతిసారీ ‘టక్’ మని వినపడాలి, బల్బు ఆరాలి. శబ్దం వినిపించి బల్బు ఆరకపోతే కాంటాక్టు అతుక్కుంది. శబ్దమే లేకపోతే సంకేతం వైపు తప్పుంది. ఒక్కొక్కటీ ఇరవైసార్లు చేయండి, మీది నాలుగోసారి కదా విఫలమైంది. తరువాత చెక్క సుత్తితో చట్రాన్ని నాలుగు వైపుల నుంచీ కొట్టి చూడండి. ఒక దిక్కు దెబ్బకు బల్బు మినుకుమంటే కాంటాక్టర్‌ను 90 డిగ్రీలు తిప్పి బిగించండి, రేకు కదిలే దిక్కు దెబ్బ తగిలే దిక్కు ఒకటి కాకూడదు. కాంటాక్టర్ తరువాతి తీగకు పైకి కనిపించేలా ఒక ఎర్ర ఎల్‌ఈడీ కూడా పెట్టండి. రిలే పడ్డాక కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా అది ఒకటి రెండు సెకన్లు వెలగవచ్చు. ఆ తరువాత కూడా వెలుగుతుంటే రిలే అతుక్కున్నట్టే, ఎవరూ దగ్గరకు పోకూడదు.

ఇవన్నీ గెలిచాకే డిస్కు బిగించండి. మొదటిసారి అడ్డు వెనుక నుంచి, పావు వేగంతో. డిస్కును ఎవరు ముట్టుకోవాలన్నా ముందు లింకు లాగి తన జేబులో వేసుకోవాలి. బోల్టు బిగించినా, దుమ్ము తుడిచినా, ఫోటో తీసినా సరే, పని ముగించి వెనక్కి వచ్చేదాకా ఆ లింకు ఇంకొకరి చేతికి పోకూడదు.